దొంగ గ్రహం

కోరుట్ల మార్కెట్ రోడ్డు వెనక సందులో మదన్ మోహన్ రావు గారి కాంప్లెక్సు ఉంది. దాని కింద ఒక సెల్లార్. బ్యాంకు వస్తుంది, లాకర్లు పెడుతుంది అని ఎవరో చెవిలో వేస్తే ఆయన నమ్మి, మూరెడు మందాన గోడలు పోయించి, కిటికీ అనే మాట లేకుండా, ఇనుప తలుపుతో దాన్ని కట్టించాడు. బ్యాంకేమో రోడ్డుకు అవతలి పక్కకు పోయింది. పైన బట్టల షాపు, చెప్పుల షాపు, గల్ఫ్ టికెట్ల ఆఫీసు నిండిపోయినా సెల్లార్‌ను కిరాయికి అడిగిన పాపాన ఎవరూ పోలేదు. గాలీ వెలుతురూ లేని చోట ఏం పెట్టి అమ్ముతారు? చివరికి ఆయన కూతురు రిషితే దాన్ని తీసుకుంది. ఆమెకు కావలసింది చీకటే.

రిషిత జగిత్యాలలో డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. చూడ్డానికి సన్నగా, నెమ్మదిగా ఉంటుంది గానీ, ఒకటి అనుకుంటే తండ్రి మాట తండ్రిదే, ప్రిన్సిపాల్ మాట ప్రిన్సిపాల్‌దే. నాలుగేళ్లుగా ఆ సెల్లార్‌లో ఒక పెట్టె తయారు చేస్తోంది. ట్రంకుపెట్టె అంత ఉంటుంది. అది ఏం పని చేస్తుందని ఎవరడిగినా ఒకటే జవాబు.

"నక్షత్రాన్ని కప్పుతది."

కప్పితే ఏమొస్తుంది అని మార్కెట్లో పెద్దమనుషులు నవ్వితే, మదన్ మోహన్ రావు, కూతురు చెప్పిన ముచ్చటే తన ముచ్చటగా చెప్పేవాడు. ఎదురుగా లారీ హెడ్‌లైటు కొడుతుంటే, ఆ లైటు పక్కనే నిలబడి ఒకడు బీడీ తాగుతున్నాడనుకోండి. బీడీ నిప్పు మనకు కనబడుతుందా? కనబడదు. నక్షత్రం ఆ హెడ్‌లైటు, దాని చుట్టూ తిరిగే గ్రహం ఆ బీడీ. చెయ్యి అడ్డం పెట్టుకుంటే సరిపోదా అంటే, సరిపోదు. వెలుగు మహా మొండిది. అడ్డం పెట్టినదాని అంచులు పట్టుకుని వంగి, పక్కనుంచి దూరి వస్తుంది.

అందుకని రిషిత పెట్టెలో రెండు అడ్డాలు ఉంటాయి. మొదటిది గాజు పలక మీద కంటికి ఆననంత నల్లచుక్క. నక్షత్రం వెలుగు సరిగ్గా దాని మీద పడి ఆగిపోవాలి. అంచులు పట్టుకుని తప్పించుకున్న వెలుగు కొంచెం ముందుకు పోయి ఉంగరంలా చేరుతుంది, అక్కడ రెండో అడ్డం ఒక ఇనుప రేకు, నడుమ చిల్లితో, ఆ ఉంగరాన్ని కోసేస్తుంది. మొదటిది తలుపు మూయడం, రెండోది సందులు మూయడం. ఇక మిగిలింది కెమెరాకు చేరుతుంది. అందులో గ్రహం ఉంటే కనబడాలి.

ఈ పెట్టెను కదలకుండా ఉంచడానికి కరీంనగర్ నుంచి గ్రానైటు బండ తెప్పించి, గాలి నింపిన ట్రాక్టర్ ట్యూబుల మీద పరిచింది. సందులో లారీ పోయినా బండకు ఆ సంగతి తెలియదు. గోడలకు కట్టడానికి సిరిసిల్ల పోయి, మెరుపు లేని నల్ల నూలుగుడ్డ ఒక్కో తానూ చేత్తో తడిమి చూసి తెచ్చుకుంది.

ఇదంతా ఎందుకంటే, కొండ మీద ఉన్న ఒక పెద్ద టెలిస్కోపుకు ఇలాంటి పెట్టె ఒకటి కావలసి వచ్చింది. దేశమంతా వడపోసి రెండు పెట్టెలు మిగిల్చారు. ఒకటి పెద్ద నగరంలో పెద్ద ల్యాబు చేసింది. రెండోది ఈ సెల్లార్‌లోది. చోటు ఒక్కదానికే. రిషితకు కాలేజీలో ఇక సెలవు మిగల్లేదు. పెట్టెను వద్దన్నారంటే దసరా తర్వాత ఆమె పాఠాలకు పోవాలి, సెల్లార్ ఎరువుల గోడౌన్ అవుతుంది, నాలుగేళ్ల పని అటకెక్కుతుంది. ఎరువుల షావుకారు అప్పుడే వచ్చి గది కొలుచుకుపోయాడు కూడా.

"కొలుసుకోనియ్యి బాపు," అంది రిషిత. "మంచిగ కొలుసుకుంటడు. గది మాత్రం దొరకది."

దసరా అయిన రెండోనాడు పరీక్ష పెడతామని కబురు వచ్చింది. ఇక్కడే ఆమె తల్లి కౌసల్య గురించి చెప్పాలి. దసరా నాడు పనిముట్లకు పూజ అందరూ చేస్తారు. కౌసల్యమ్మ చేసే తీరు వేరు. ఇంట్లో ఇనుము అనేది కంటబడితే బొట్టు తప్పదు. కారు, స్కూటరు, బోరు మోటారు, ఫ్రిజ్జు, మిక్సీ, కుట్టుమిషను, గోళ్లు తీసుకునే కత్తెర, అన్నిటికీ పసుపూ కుంకుమా పెట్టి, అక్షింతలు చల్లి గానీ ఆమె పండగన్నం ముట్టదు. ఒక ఏడు టీవీ రిమోట్‌కు కూడా పెట్టింది.

అందుకే పండగకు ముందే రిషిత గట్టిగా చెప్పింది. "అమ్మా, సెల్లార్ల మాత్రం వద్దు. అద్దాలుంటయి. ముట్టద్దు."

"సరే బిడ్డా. అద్దాలు ముట్ట," అంది కౌసల్యమ్మ.

కౌసల్యమ్మ అంత తొందరగా ఒప్పుకుందంటే అనుమానపడాలి. రిషితకు ఆ తీరిక లేకపోయింది. దసరా సాయంత్రం సిరిసిల్లలో మేనత్త వాళ్లకు జమ్మి ఆకు ఇచ్చి రావడానికి పోయింది. సెల్లార్ తాళంచెవి తన బ్యాగులోనే ఉంది కదా అని ధీమా. రెండో తాళంచెవి తల్లి నడుముకున్న గుత్తిలో ఉన్న సంగతి ఆమెకు గుర్తు రాలేదు.

పరీక్ష పెట్టడానికి వచ్చినాయన పేరు సంజీవ్. టెలిస్కోపు కమిటీ సైంటిస్టు. నలభై దాటిన మనిషి, పలుచటి మీసం, ఎక్కువగా నవ్వడు. మదన్ మోహన్ రావు ఆయన్ను మెట్ల దగ్గరే పట్టుకుని ఏ ఊరని ఆరా తీశాడు.

"వీర్నపల్లి సార్. మాది వ్యవసాయమే," అన్నాడు సంజీవ్.

"అరె, మనోళ్లే. వీర్నపల్లి మనకు ఎంత దూరం."

"ఊరు దగ్గరే సార్. కని ఇయ్యాల నేను ఎవ్వరికీ దగ్గరోణ్ని కాదు."

రావు గారు నవ్వేసి ఊరుకున్నాడు. ఆ మాట రిషితకు నచ్చింది. ఊరివాడని మార్కులు వేయించుకుంటే ఆ తర్వాత ఆ పెట్టెను తనే నమ్మలేకపోతుంది.

పరీక్ష చెప్పుకోవడానికి చిన్నదే. సెల్లార్ ఒక చివర నల్లపరదా వెనక సంజీవ్ ఒక దీపం పెడతాడు. అది నక్షత్రం. దాని పక్కన తన ఇష్టం వచ్చిన చోట దానికి లక్షో వంతు వెలుగున్న ఇంకో చుక్క పెడతాడు. అది గ్రహం. పరదాలో ఉన్న చిల్లిలోంచి ఆ వెలుగు పెట్టెలోకి వస్తుంది. గ్రహం ఏ దిక్కున ఉందో రిషిత గడియారం ముల్లు లెక్కన చెప్పాలి.

"నేను అసలే పెట్టకపోవచ్చు కూడ మేడం," అన్నాడు సంజీవ్. "లేదని చెప్పుడు కూడ జవాబే. కని ఒక్కటే జవాబు. రెండోసారి అడగ."

"ఒక్కటి చాలు సార్," అంది రిషిత.

లైట్లు తీసేశారు. తలుపు దగ్గర స్టూలు మీద చాయ్ ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని కౌసల్యమ్మ కూర్చుంది. మానిటర్ ముందు రిషిత, ఆమె వెనక రావు గారు, పక్కన సంజీవ్. మొదటి ఫోటో వచ్చింది. నడుమ నక్షత్రం ఉండాల్సిన చోట చీకటి, చుట్టూ పల్చటి మసక. రిషితకు కడుపు నిండినట్టయింది. రెండు అడ్డాలూ తమ పని తాము చేస్తున్నాయి.

ఒకదాని మీద ఒకటి ఫోటోలు పేరుస్తూ పోతుంటే రెండు గంటల దిక్కున ఒక చుక్క తేలింది. మసకలో ముత్యమంత స్పష్టంగా.

"గదిగో," అన్నాడు రావు గారు ఆగలేక. "రెండు గంటలు. నాకే కనబడుతుందంటే చూడుండ్రి."

సంజీవ్ జేబులోంచి పెన్ను తీశాడు. "రాసుకోమంటరా మేడం?"

రిషిత నోరు తెరిచింది. రెండు అనే మాట నాలుక మీదికి వచ్చింది. అంతలో ఆమెకు ఒక సందేహం. లక్షో వంతు చుక్క ఇంత తొందరగా, ఇంత వెలుగుతో ఎందుకు తేలింది? పండగకు ముందు తను చేసుకున్న పరీక్షల్లో ఎన్నడూ ఇలా రాలేదు. చాలాసేపు పేరిస్తే గానీ గ్రహం బయటపడేది కాదు.

"జర ఆగుండ్రి సార్," అని, కెమెరా తీగ వదులైందేమో చూద్దామని చిన్న టార్చి పట్టుకుని పెట్టె దగ్గరికి వంగింది. తీగ బాగానే ఉంది. తీగ పక్కన, గ్రానైటు బండ మీద, పెట్టె కాలికి ఆనుకుని ఒక బియ్యపు గింజ ఉంది. పచ్చగా ఉంది.

రిషిత దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని చాలాసేపు చూసింది. పసుపు కలిపిన బియ్యపు గింజ ట్రాక్టర్ ట్యూబులెక్కి బండ మీదికి తనంతట తాను రాదు. ఒళ్లంతా వేడెక్కింది. కోపమే అది, ఇంకోటి కాదు.

"అమ్మా. నువ్వు ఈడికి వచ్చినవా?"

తలుపు దగ్గర ఫ్లాస్కు కొంచెం కదిలింది. "వచ్చిన," అంది కౌసల్యమ్మ, ఏమాత్రం తొణక్కుండా. "ఇంట్ల కత్తెరకు బొట్టు పెట్టి, నాలుగేండ్ల సంది నా బిడ్డ పానం పెట్టి చేసిన దానికి పెట్టకుంట ఉంట్నా?"

"మూత తీసినవా?"

"తియ్యకుంటె యాడ పెట్టాలె? పైనంత నల్లగుడ్డ చుట్టినవు. లోపట ఇనుము మీద పెట్టిన. అద్దం ముట్టద్దన్నవు, ముట్టలే."

"మరి ఆ బొట్టేది? నాకు కనబడలే."

ఈసారి కౌసల్యమ్మ గొంతు తగ్గింది. "నువ్వు కోపానికి వస్తవని తెల్లారి కొంగుతోని తుడిసిన."

అంతా అర్థమైపోయింది. బొట్టు పెట్టినప్పుడు కాదు, తుడిచినప్పుడు. పొడి కుంకుమను కొంగుతో విదిలిస్తే అది గాలికి లేచి ఎటు పోతుంది? గాజు పలక మీద, నల్లచుక్క పక్కన ఒక్క రేణువు కూర్చున్నా చాలు. నక్షత్రం నుంచి తప్పించుకున్న వెలుగు దాని మీద పడి చెదిరి, రెండో అడ్డాన్ని కూడా దాటి, గ్రహం వేషం కట్టుకుని కెమెరాలోకి వస్తుంది.

రావు గారు కూతురి చెవి దగ్గరికి వంగాడు. "గా ముచ్చట ఇప్పుడెందుకు బిడ్డా, సార్ ముందట? చుక్క మంచిగనే కనబడుతుంది. రెండని చెప్పెయ్."

"గది గ్రహమో అమ్మ కుంకుమో తెల్వకుంట ఎట్ల చెప్పాలె బాపు?"

సంజీవ్ గొంతు సవరించుకున్నాడు. "మేడం, ముందే చెప్తున్న. పెట్టె ఎట్లుందో గట్లనే పరీక్ష. మూత తీసి తుడుస్తనంటె వద్దన. కని ఇయ్యాల్టిది లెక్కకు రాదు. ఇంకో తారీఖు ఇచ్చే పవర్ నాకు లేదు."

"బిడ్డా, నేను చెడగొట్టిన్నా?" అని కౌసల్యమ్మ గొంతు మెల్లగా వినబడింది. ఆమె అలా అడగడం రిషిత పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదటిసారి. ఇంట్లో ఏది చెడినా అది ఇంకొకరి వల్లనే చెడాలి, ఆమె లెక్క అది. ఆ ప్రశ్న విన్నాక రిషిత కోపం సగం దిగిపోయింది.

"ఉండు అమ్మా. ఇంక ఏం చెడలే," అంది. సంజీవ్ వైపు తిరిగి, "తుడువ సార్. తిప్పుత," అంది.

"తిప్పుండ్రి," అన్నాడు సంజీవ్.

పెట్టె ఊరికే బండ మీద పెట్టిన పెట్టె కాదు. పాత వరికోత మిషన్‌లోంచి తీసిన పెద్ద బేరింగులో బిగించి ఉంది. కెమెరాతో సహా పెట్టె మొత్తం రోలులో పొత్రంలా గుండ్రంగా తిరుగుతుంది. మొదటి రోజే రిషిత దాన్ని అలా కట్టుకుంది. ఎంత శుభ్రంగా ఉంచినా ఏ పెట్టెలోనైనా ఏదో ఒక గీత, ఏదో ఒక దుమ్ము ఉంటుందని, అది ఎప్పుడో ఒకప్పుడు మోసం చేస్తుందని ఆమెకు తెలుసు. ఆ దుమ్ము కన్నతల్లి కొంగులోంచి వస్తుందని మాత్రం అనుకోలేదు.

"గిదేంది, ఎందుకు తిప్పుడు?" అన్నాడు రావు గారు.

"నీ కండ్లద్దాల మీద మరక ఉందనుకో బాపు. నువ్వు తల వంచినా, పక్కకు ఒరిగినా, మరక నీతోనే వస్తది. గోడ మీది క్యాలెండర్ రాదు. గది ఉన్న కాడనే ఉంటది. పెట్టె తిప్పినంక ఫోటోల ఏ చుక్క కదలదో గది పెట్టెది. ఏది కదుల్తదో గది బయటిది."

రావు గారు తెలియకుండానే కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

రిషిత కొంచెం తిప్పింది. ఫోటోలు తీసింది. రెండు గంటల చుక్క రెండు గంటల దగ్గరే ఉంది. మళ్లీ తిప్పింది. చుక్క అక్కడే. ఇంకోసారి. అది ఫోటోలో మేకు కొట్టినట్టు కదలకుండా కూర్చుంది.

"అమ్మదే," అంది రిషిత.

తండ్రి మాట విని ఇందాక తను రెండనేసి ఉంటే పెట్టె అప్పుడే అటకెక్కేది. ఇప్పుడు అసలు పని మిగిలింది. అన్ని ఫోటోల్లోనూ కదలకుండా ఉన్నదాన్ని కంప్యూటర్‌లో తీసివేసింది. దొంగ చుక్క మాయమైంది. దాంతోపాటు మసక కూడా చాలా మట్టుకు పోయింది. మిగిలింది ఒట్టి చీకటి.

ఆ చీకటిని చూస్తూ ఆమె మొదటిసారి భయపడింది. సంజీవ్ అసలే పెట్టలేదా? లేదని చెప్పడమే జవాబా? లేక ఉండి, కుంకుమ వెలుగులో మునిగిపోయిందా? లేదని చెప్పడం తేలిక. ఉన్నదాన్ని లేదన్నా, లేనిదాన్ని ఉందన్నా పెట్టె అటక మీదికే.

ఆమె మళ్లీ బేరింగు పట్టుకుంది. తిప్పడం, ఫోటోలు తీయడం, తీసివేయడం, పేర్చడం. ఫ్లాస్కులో చాయ్ చల్లారిపోయింది. సంజీవ్ తొందరపెట్టలేదు, కుర్చీ కూడా అడగలేదు. చివరికి నక్షత్రానికి బాగా దగ్గరగా, మసక అంచున, ఉందా లేదా అన్నట్టు ఒక చుక్క తగిలింది. రిషిత తిప్పింది. చుక్క జరిగింది. ఇంకా తిప్పింది. ఎంత తిప్పిందో అంతే జరిగింది. పెట్టెను వెనక్కి తెచ్చి మొదటి చోట నిలిపితే, చుక్క కూడా వెనక్కి వచ్చి తన చోట తాను నిలిచింది.

"ఏడు గంటలు," అంది రిషిత. "నక్షత్రానికి దగ్గర్ల. రెండు గంటల కాడ ఏం లేదు. రాసుకోండ్రి సార్."

సంజీవ్ రాసుకున్నాడు. పోయి పరదా పక్కకు లాగి, టార్చి వేసి చూపించాడు. నల్లరేకులో నడుమ దీపం చిల్లి, దానికి కింద ఎడమ పక్కన, చాలా దగ్గరగా, సూదిమొనతో పొడిచిన ఇంకో చిల్లి. ఏడు గంటలు. రెండు గంటల దగ్గర రేకు నున్నగా ఉంది.

"గా రెండు గంటల చుక్క చూసి నాకే ఇబ్బంది అయింది మేడం," అన్నాడు సంజీవ్. ఇప్పుడు కొంచెం నవ్వాడు. "మీరు రెండు అంటె నేను రాసుకొని, చాయ్ తాగి, ఊకుండి పోయేటోన్ని. కొండ మీద మాకు దినాం దుమ్మే. దుమ్ములేని పెట్టె నాకు యాడ దొరకది." ఆ మాట అని ఫలితం గురించి ఇంకేం చెప్పకుండా, చల్లారిన చాయే కౌసల్యమ్మ చేతుల మీదుగా తీసుకుని తాగాడు.

ఆయన పోయాక రిషిత మూత తీసి, గాజు పలకను భూతద్దం కింద పెట్టి తల్లిని పిలిచింది. నల్లచుక్కకు ఇవతల ఎర్రటి రేణువు ఒక్కటి.

"గింతేనా?" అంది కౌసల్యమ్మ ఒంటికన్నుతో చూస్తూ.

"గింతే."

"గింతంత దానికి గంత వెలుగా?" ఆమె గొంతులో పశ్చాత్తాపం ఎంత ఉందో గర్వం కూడా అంతే ఉంది. రిషిత నవ్వు ఆపుకోలేకపోయింది.

దీపావళికి ముందే కబురు వచ్చింది. కొండ మీదికి కోరుట్ల పెట్టే పోతుంది. రావు గారు మార్కెట్లో ఆ ముచ్చట చెప్పినప్పుడల్లా కుంకుమ ముచ్చటతోనే మొదలుపెట్టేవాడు, రెండని చెప్పెయ్ అన్నది తనే అన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఎరువుల షావుకారు గది కోసం ఇంకోచోట వెతుక్కున్నాడు.

పెట్టెను చెక్క డబ్బాలో సర్ది వ్యాన్ ఎక్కించే రోజున కౌసల్యమ్మ పళ్లెం పట్టుకుని వచ్చింది. వ్యాన్ ముందు అద్దానికి పెట్టింది, చక్రాలకు పెట్టింది, వద్దు వద్దంటున్న డ్రైవర్ నుదుటన పెట్టింది. చెక్క డబ్బా దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగిపోయింది. పళ్లెం రెండో చేతికి మార్చుకుని రెండడుగులు వెనక్కి వేసి నిలబడింది.

రిషితకు అది చూడబుద్ధి కాలేదు. టీవీ రిమోట్‌కు బొట్టు పెట్టిన మనిషి అలా చేతులు ముడుచుకుని నిలబడితే ఇల్లంతా చిన్నబోయినట్టుంది. డ్రైవర్ దగ్గర నీళ్ల సీసా అడిగి తీసుకుని, పళ్లెంలోని కుంకుమలో నాలుగు చుక్కలు వేసి, వేలితో ముద్దలా కలిపింది.

"తడి కుంకుమ ఎగరది. పెట్టు అమ్మా."

"వద్దులే బిడ్డా. లోపల అద్దాలున్నయి."

"పెట్టు."

కౌసల్యమ్మ ముందుకు వచ్చి, డబ్బా నడుమ రూపాయంత బొట్టు పెట్టింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అది ఆరేదాకా అక్కడే నిలబడింది.

"కొండ మీదికి పోయినంక మల్ల గిది కనబడ్తదా, ఫోటోల?" అని అడిగింది.

"కనబడితె తిప్పి చూస్త," అంది రిషిత. "కండ్లద్దాల మరక లెక్క నాతోనే వస్తే, నీదని గుర్తు పడ్త."